బా ఇంట్లో నీసు వాసన

ఆ రోజుల్లో ఫోన్లో ఒక వీడియో చూస్తే చాలు, ఏదైనా ఇంట్లోనే చేసేయొచ్చని నాకు గట్టి నమ్మకం. కూలర్ చేయొచ్చు, స్పీకర్ చేయొచ్చు, ఓపికుంటే సముద్రమూ చేయొచ్చు. ఈ మాట అంటే ఇప్పటి కుర్రాళ్లు "జర తగ్గియ్యన్నా" అని నవ్వుతారు గానీ, నేను నిజంగానే చేశాను. సూరత్‌లో, ఉధ్నాలో, రెండు గదుల అద్దె ఇంట్లో, బీరువాకీ గోడకీ మధ్య మిగిలిన సందులో నేను చేసిన సముద్రం పొంగింది, కారింది, కంపు కొట్టింది, మా కుటుంబాన్ని వీధిన పడేసినంత పని చేసింది. అయినా ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కొంచెం సిగ్గూ, దానికన్నా చాలా ఎక్కువగా కృతజ్ఞతా కలుగుతాయి. ఆ కృతజ్ఞతలో ఎక్కువ వాటా మా ఇంటావిడది.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. మా బాపూ నేనూ పక్క గల్లీలోని షెడ్డులో సాంచెలు నడిపేవాళ్లం (బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ, సాంచె అంటే మరమగ్గం, మా కరీంనగర్ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు). ఇంట్లో తెలుగు, షెడ్డులో హిందీ, మేడమీద గుజరాతీ, ఇలా మూడు భాషల మధ్య పెరిగాను. మేడమీద ఉండే ఇంటావిడను అందరూ "బా" అనేవారు. అంటే అమ్మ. పిల్లలకూ బాయే, పాలవాడికీ బాయే. ఆవిడ జైనుల మనిషి, ఆలుగడ్డ కూడా తినదు. కాచి చల్లార్చిన నీళ్లే తాగుతుంది. తెల్లారగానే చీమలకు పిండి, పావురాలకు జొన్నలు వేస్తుంది. తెలుగోళ్లు నీసు తింటారని ఆ గల్లీలో మాకు ఎవరూ ఇల్లివ్వనప్పుడు ఆవిడ ఒక్కతే ఇచ్చింది. షరతు కూడా ఒక్కటే: మాంసం, చేప, గుడ్డు గడప దాటి లోపలికి రాకూడదు. బాపు చేతులు జోడించి మాటిచ్చాడు. అప్పట్నుంచి మాకు ఏదైనా తినాలనిపిస్తే ఆదివారం పాండేసరలో ఉండే మామ ఇంటికి వెళ్లి తినొచ్చేవాళ్లం. గడప ఎక్కేముందు అవ్వ మా చేతులు వాసన చూసి మరీ లోపలికి రానిచ్చేది.

అట్లాంటి ఇంట్లోకి చేపలు తేవాలన్న బుద్ధి నాకెలా పుట్టిందంటే, తప్పంతా ఒక సేఠ్ ఆఫీసుది. రంగు వేయని కోరా గుడ్డ తాన్లు దించడానికి వెళ్లిన నన్ను బిల్లు కోసం కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ పొడవునా అద్దాల తొట్టి. అందులో సముద్రపు రాళ్లు, రాళ్ల మీద వేళ్లలాగా ఊగే పగడపు జీవాలు, వాటి మధ్య నారింజ రంగు మీద తెల్లటి పట్టీలున్న చేపలు రెండు. పొద్దస్తమానం సాంచెల దడదడ విన్న చెవులకు ఆ తొట్టి ముందు ఒక్కసారిగా విశ్రాంతి దొరికినట్టైంది. బిల్లు చేతికొచ్చినా లేవలేదు. ఆ తొట్టిని చూసుకునే అక్వేరియం భాయ్ నా వాలకం చూసి జాలిపడి అన్నీ చెప్పాడు: మోటారు ఏం చేస్తుంది, లైటు ఎందుకు, నీళ్లు ఎలాంటివి పోయాలి. కొత్త సామాన్ల ధరలు విన్నాక మాత్రం లేచి నిలబడ్డాను. "ఇంట్లో చేసుకో. చేతిలో పనితనం ఉంది కదా" అన్నాడు. ఆ మహానుభావుడు ఏ ముహూర్తాన అన్నాడో గానీ, నేను దాన్ని ఆశీర్వాదంగా తీసుకున్నాను.

మూసేసిన చీరల దుకాణంలోంచి అద్దాలు తెచ్చి సిలికాన్‌తో అతికించి తొట్టి చేశాను. మొదటిసారి నింపినప్పుడు అది సన్నగా కారి బాపు పరుపు కిందికి చేరింది. పొద్దున లేచిన బాపు వీపు మీద తెల్లటి ఉప్పు చారలు. "ఉప్పు, నీళ్లు, కరెంటు. ఈ మూడు ఒక్క కాడ పెడ్తున్నవ్ కొడుకా. అందరం ఒక్క పారే పోదామనా?" అన్నాడు. వడపోత కోసం విరిగిన ప్లాస్టిక్ దారపు కండెలు ఒక బకెట్టు నిండా పోశాను. నీళ్లు తగ్గితే వాటంతటవే నిండాలని, పోగు తెగితే సాంచె ఆగే పద్ధతి చూసి ఒక యంత్రం తయారు చేశాను. దానికి వాడింది సాంచె ఇనుము. ఉప్పునీళ్లు తగిలి వారం తిరక్కుండా పెంకులు పెంకులుగా ఊడిపోయింది. నల్లా నీళ్లు పనికిరావని తాగే నీళ్ల క్యాన్లు తెప్పిస్తుంటే అవ్వ నడుం మీద చేయి పెట్టి నిలబడింది. "మనకు నల్లా నీళ్లు, వాటికి మినరల్ వాటరా? చేపలా, అల్లుండ్లా?" అంది. (తర్వాత ఆ క్యాన్లు నాకన్నా ముందే ఎత్తి పోసింది కూడా ఆవిడే.)

దీపావళి బోనస్‌తో చేపలొచ్చాయి. తొట్టిలోనే పుట్టి పెరిగిన చేపల జంట. అక్వేరియం భాయ్ తన తొట్టిలో పెరిగిన మెత్తటి పగడంలోంచి ఒక ముక్క కోసి, రాయికి అంటించి ఊరికే ఇచ్చాడు. తొట్టి ముందు కోరా గుడ్డ తెర కట్టాను. "షరతు తినే చేపలకు అవ్వా, చూసే చేపలకు కాదు" అని నేను న్యాయం మాట్లాడితే, "గా ముచ్చట మేడమీదికి పోయి బాకు చెప్పు మల్ల" అంది అవ్వ. నేను పోలేదు. పోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆ ఇల్లు పోతే అంత మంచి ఇల్లు మాకు మళ్లీ దొరకదు. పొద్దున్నే నల్లా వచ్చే ఇల్లు, సాంచెల చప్పుడు వినపడని ఇల్లు అది. అవ్వ ఆ వంటింట్లో అడుగుపెట్టాకే తలనొప్పి లేకుండా నిద్రపోవడం మొదలుపెట్టింది.

అంతా బాగానే ఉండేది, నేను ప్రోటీన్ స్కిమ్మర్ చేయకపోతే. అంటే నీళ్లలోకి సన్నటి బుడగలు పంపించే గొట్టం. చేపల మురికి ఆ బుడగలకు అంటుకుని నురుగై పైకొచ్చి ఒక డబ్బాలో పడుతుంది. మామ తెచ్చిచ్చిన పీవీసీ పైపు ముక్కతో, పచ్చడి డబ్బాతో దాన్ని చేశాను. నేను చేసినవాటిలో మొదటిసారే సరిగ్గా పనిచేసిన వస్తువు అదొక్కటే. రెండో రోజుకి డబ్బా నిండా నల్లటి మురికి దిగింది. నేను గంతులేశాను. అక్వేరియం భాయ్‌కి ఫోటో పంపితే "శాబాష్" అన్నాడు. ఆ నల్లటి మురికి మూడు రోజులు ఎండలో పెట్టిన రొయ్యల బుట్టలా కంపు కొడుతుందని మాత్రం వీడియోలో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం మెట్ల మీద బా చెప్పుల చప్పుడు వినపడింది. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఏం వండావమ్మా?" అంది. అవ్వ గిన్నె మూత తీసి టమాటా పప్పు చూపించింది. బా పప్పును చూసింది, అవ్వ మొహాన్ని చూసింది, మెట్లెక్కి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. అప్పటికి అవ్వ ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసింది. పొగలో ఒకరికొకరం కనపడటం లేదు. "నాలీ కా బాస్ హై బా" అని అవ్వ నేరాన్ని బయటి మోరీ మీదికి తోసింది. బా అంతటితో వదిలే మనిషి కాదు. పొద్దున్నే మునిసిపాలిటీ వాళ్లను పిలిపించి మోరీ మొత్తం తవ్వించింది. ఏళ్లుగా అడుగుతున్నా కాని పని కావడంతో గల్లీ జనం బాకు దండాలు పెట్టారు. వాసన మాత్రం పోలేదు.

అవ్వకు అన్నం సహించడం లేదు. "బా అడుగుతలేదు రా, సూస్తంది. గదే భయమైతంది" అనేది. ఈ గోడు విన్నది మా మామ. అవ్వకు తమ్ముడు, పాండేసరలో రంగుల మిల్లులో ఫిట్టర్, మనిషి బంగారం. ఒకటే లోపం, ఎవరికి కష్టమొచ్చినా ఆగలేడు. నేను షెడ్డులో ఉన్నప్పుడు ఇంటికొచ్చి, తెర ఎత్తి, కంపంతా ఆ నురుగుదేనని తేల్చాడు. మిల్లులో గుడ్డకు రంగు వేసే మిషన్లలో నురుగొస్తే దాన్ని అణచడానికి ఒక మందు పోస్తారు. అది సీసాలో పోసి జేబులో పెట్టుకొచ్చాడు. తర్వాత తను చెప్పిన మాట ఇది: "సుక్క పోస్తే సాలు అల్లుడా. కని మనోని పని కదా అని మూత నిండా పోసిన."

నురుగు చిటికెలో పోయింది. దాంతోపాటు బుడగలూ పోయాయి. నీళ్లకు గాలి అందించేది ఆ బుడగలే అని పాపం మామకేం తెలుసు? మధ్యాహ్నం నేను తిండికి వచ్చేసరికి చేపలు రెండూ నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. పగడం ముడుచుకుపోయింది. చెంబు తీసుకుని తొట్టిలో నీళ్లు ముంచి ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోయడం మొదలుపెట్టాను, గాలి కలవాలని. అవ్వ ఇంకో చెంబు అందుకుంది. అందుకుని ఊరుకుందా, "అయ్యో సచ్చిపోతున్నయి, అయ్యో నా బిడ్డలు" అని శోకాలు పెట్టింది. (ఆ చేపల్ని తిట్టని రోజు లేదు ఆవిడ!) పక్కన మామ రెండు చేతులూ తల మీద పెట్టుకుని "నేనే, నేనే" అంటున్నాడు.

శోకం విని బా పరుగెత్తుకొచ్చింది. మా ఇంట్లో ఎవరికో గుండెనొప్పి అనుకుందట. ఒక చేతిలో నొప్పుల బామ్ సీసా, ఇంకో చేతిలో ఫోను. గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగింది. తెర పైకి కట్టి ఉంది. "మాఛలీ!" అంది. ఆ ఒక్క మాటతో మా ఇల్లు పోయిందని నాకు అర్థమైంది. అవ్వ చెంబు గాల్లోనే ఆగిపోయింది. బా తొట్టి దగ్గరికి వచ్చి వంగి చూసింది. "ఏమైంది వీటికి?" అని అడిగింది. "శ్వాస ఆడట్లేదు బా" అన్నాను. బా బామ్ సీసా బీరువా మీద పెట్టి, పైట నడుముకు చుట్టి, అవ్వ చేతిలోంచి చెంబు లాక్కుంది. "నువ్వు ఏడుపు ఆపు, నీళ్లు పోయడం నాకొచ్చు" అంది. బా, నేను, మామ కలిసి పోశాం. క్యాన్లలో కలిపి ఉంచిన కొత్త ఉప్పునీళ్లతో పాతవి సగం మార్చాం. నీరెండ వేళకు చేపలు మెల్లగా కిందికి దిగి రాళ్ల చాటుకు చేరాయి. బా అప్పుడు కూర్చుంది. తడిసిన తెల్లచీర మీద ఉప్పు మరకలు. నాకు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది, భయంతో కాదు.

బాపు షెడ్డు నుంచి వచ్చి సంగతి చూసి చేతులు జోడించాడు. "బా, గల్తీ హమారీ. ఇల్లు ఖాళీ చేస్తాం" అన్నాడు హిందీలో. "ఇంటి సంగతి తర్వాత" అంది బా. "ఎందుకు బంధించారు ఈ జీవాల్ని? వీటి ఇల్లెక్కడ?" సముద్రమని చెప్పాను. "అయితే రేపు డుమస్ బీచికి పోదాం. నా కళ్ల ముందు వదిలిపెట్టు. అప్పుడు మీరు ఇక్కడే ఉండొచ్చు."

అవి సముద్రం ఎన్నడూ చూడని చేపలు. డుమస్ బురద నీళ్లలో వదిలితే గంట కూడా బతకవు. నోరు విప్పితే మావాళ్ల ఇల్లు పోతుంది, విప్పకపోతే చేపలు పోతాయి. బాపు నా మొహం చూసి పక్కకు పిలిచాడు. "ఏం మాట్లాడకు కొడుకా. మీ అవ్వను సూడు" అన్నాడు. చూశాను. అవ్వ ఆ వంటింటి గడప మీద కూర్చుని నేల తుడుస్తోంది.

మర్నాడు ఆటోలో బా, మామ, నేను, ఒడిలో మూతపెట్టిన బకెట్టు. గాలి కోసం పాత మొబైల్ బ్యాటరీతో నేను చేసిన చిన్న బుడగల యంత్రం లోపల గురగురమంటోంది. డుమస్ చేరాక చూస్తే సముద్రం లేదు. ఆటు సమయం. నీళ్లు ఎక్కడికో వెనక్కి పోయి, కనుచూపు మేర నల్లటి బురద. "సముద్రం ఎక్కడ?" అంది బా. బజ్జీలు వేసే భజియా బండి అతను "అదిగో" అని దూరంగా చూపించాడు. బా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఆ బురదలో నడిచింది. వెనకాల బకెట్టుతో నేను, నా వెనకాల చెప్పు బురదలో పోగొట్టుకున్న మామ. నీళ్లంచుకు చేరాక బా తన మంచినీళ్ల సీసా ఖాళీ చేసి సముద్రపు నీళ్లు పట్టింది. మసాలా చాయ్ రంగు. సీసాను బకెట్టు పక్కన పెట్టి, మూత తీసి చూసింది. తేట నీళ్లలో చేపలు రెండూ బా వేలి వైపు వచ్చాయి.

నేనిక ఉండబట్టలేకపోయాను. "బా, ఇల్లు ఖాళీ చేస్తాం. ఇందులో మాత్రం వదలను. చచ్చిపోతాయి" అన్నాను. బాపు ఉంటే నా చెంప పగిలేదే. బా నా వైపు చూడలేదు. సీసాను ఎండకు ఎత్తి చూసి, "నాకు కళ్లు లేవా దీకరా?" అంది. దీకరా అంటే కొడుకా అని. సీసాలోని నీళ్లు పారబోసింది. "పద, ఎండెక్కుతోంది. వీటికి వేడి తగులుతుంది" అంది. బండి దగ్గర మాకు టమాటా భజియాలు ఇప్పించింది. తను తినలేదు. బయట తిండి తినదు, తాగుదామంటే కాచిన నీళ్లు బురదలో పారబోసుకుంది. దాహంతోనే ఇంటిదాకా వచ్చింది. నేను భజియాలు తింటూ ఏడ్చాను. కారం అని చెప్పాను.

ఇంటికొచ్చాక బా కొత్త షరతు పెట్టింది: తన ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాటి ప్రాణానికి నాదే పూచీ. ఇక వాసన సంగతి అడిగింది. స్కిమ్మర్ డబ్బా చూపించి, ఇది నీళ్లలోంచి తీసిన మురికి, ఇక్కడ కంపు కొడుతుందంటే అక్కడ చేపలు సుఖంగా ఉన్నట్టని చెప్పాను. బా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలూపింది. "అయితే రానీ" అంది. తిండి ప్యాకెట్టు తీసుకుని ఇటూ అటూ తిప్పి, "శాకాహారపు పచ్చ చుక్క ఏది?" అని అడిగింది. "చేపల తిండికి చుక్క వేయరు బా" అన్నాను. ఆవిడకు నచ్చలేదు. అప్పట్నుంచి ఎండబెట్టిన సముద్రపు పాచి వేసే పని బా తీసుకుంది. మిగతా తిండి గురించి ఆవిడ అడగలేదు, మేమూ ఆ ప్రస్తావన తేలేదు.

ఆ వేసవిలో ఒకరోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పొద్దున్నుంచీ కరెంటు లేదు. మిట్టమధ్యాహ్నానికి నా బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. అప్పుడు మేడమీది కిటికీలోంచి ఒక వైరు కిందికి దిగింది, చివర ప్లగ్గు బోర్డుతో సహా. "మోటారు పెట్టు దీకరా" అని కేక. బా ఇన్వర్టర్. తొట్టి మోటారు తిరగడం మొదలయ్యాక థాంక్స్ చెబుదామని పైకి వెళ్లాను. బా ఫ్యాను ఆగి ఉంది. ఆ పాత ఇన్వర్టర్ రెండింటినీ మోయలేదట. ఆ ఉడుకులో ఆవిడ చెమటలు కక్కుతూ విసనకర్ర విసురుకుంటోంది. "బా, ఇదేంది?" అన్నాను కంగారులో తెలుగులోనే. ఆవిడకు అర్థమైంది. "నాకు చేతులున్నాయి కదా. వాటికి లేవు" అంది. ఆ విసనకర్ర అందుకుని, కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చుని విసిరాను. ఆ ఇంట్లో నేను చేసిన పనులన్నిటిలో నాకు తృప్తినిచ్చింది అదే.

ఇప్పుడు నాకు పెద్ద తొట్టి ఉంది, అదే ఇంట్లో, తెర లేకుండా. నాలాగే ఇంట్లో సముద్రం చేస్తామని ఎవరు వచ్చినా, అక్వేరియం భాయ్ ఇచ్చినట్టే పగడపు ముక్క కోసి ఊరికే ఇస్తాను. ఈ మధ్య ఇష్టపడి కంపెనీ స్కిమ్మర్ ఒకటి కొన్నాను. చప్పుడు లేదు, కారదు, గట్టి మూత, వాసన అసలే లేదు. అవ్వ దానికి కుంకుమబొట్టు పెట్టింది. బిగించిన రెండో రోజు పొద్దున మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఇప్పుడు ఆ చప్పుడు నెమ్మదిగా వస్తుంది, ఒక్కో మెట్టు మీదా ఆగుతుంది. బా గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది. మొహం పాలిపోయి ఉంది. "దీకరా, నిన్నట్నుంచి వాసన రావట్లేదు. చేపలు బాగున్నాయా?" అంది.

బాగున్నాయని చూపించాను. కొత్త మిషన్ గురించి చెప్పాను. ఆవిడ తలైతే ఊపింది గానీ, మెట్లెక్కుతూ మళ్లీ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ సాయంత్రం అటక మీది నుంచి పీవీసీ పైపునూ పచ్చడి డబ్బానూ దించి కడిగి, కొత్తదాని పక్కనే బిగించాను. బాపు చూసి, "మంచిగున్నది ఉండంగ గిదెందుకురా?" అన్నాడు. "బా కోసం" అన్నాను. గురగురమంటూ అది నురుగు తోడటం మొదలుపెట్టింది. ఇంట్లోనే సముద్రం చేస్తానని బయల్దేరిన ఆనాటి నన్ను తలుచుకుని నవ్వుకుంటూ, మేడమీదికి వాసన పోవాలని తలుపు బార్లా తీసి పెట్టాను.